ఓపల్ తయారవడానికి లక్షల ఏళ్లా, కొన్ని నెలలా?

సుధ_అడిలైడ్:
మొన్న పిల్లలతో కూబర్ పీడీ వెళ్లొచ్చాం, రంగులు మెరిసే ఓపల్ రత్నాలు తవ్వే ఆస్ట్రేలియా ఊరు. ఎండ తట్టుకోలేక ఊళ్లో సగం మంది దాకా నేలలో తొలుచుకున్న ఇళ్లలోనే ఉంటారు. గని చూపించినాయన, సెంటీమీటరు మందం ఓపల్‌కి 50 లక్షల ఏళ్లు పడుతుందన్నాడు. ఇంటికొచ్చి వెతికితే, ఇక్కడే ఇంకో ఓపల్ గనుల ఊరు లైట్నింగ్ రిడ్జ్‌లో లెన్ క్రామ్ అనే ఆయన సీసాల్లో నెలల్లోనే రంగుల ఓపల్ పెంచాడని ఉంది. ఎవరి మాట నమ్మాలి?

రాళ్లపిచ్చి:
సీసా మాటే. ఆ 50 లక్షలు ఎవరు కూర్చుని కొలిచారండీ? గనుల్లో చాలాచోట్ల ఓపల్ పగుళ్లలో నరాల్లా పాకి ఉంటుంది, విరిగిన రాతి ముక్కలను అతికించినట్టు కూడా ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న నీళ్లు రాయిని చీల్చుకుని ఎక్కాయని పెకోవర్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాదన. లక్షల ఏళ్లంటున్నవాళ్లు చెప్పేది పైనుంచి మెల్లగా ఇంకే నీళ్ల కథ. చుక్కచుక్కగా దిగే నీళ్లకి అంత బలం ఎక్కడిది?

జియాలజీ_మాస్టారు:
సీసాలో ఏం పోశారో కూడా చూడు బాబూ. ఓపల్‌కి ముడిసరుకైన సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కరిగించి ముందే సిద్ధం. పులుసు కాచి పెట్టుకుంటే పులిహోర పది నిమిషాల్లో కలుపుతాం, చింతచెట్టు పెరిగిన కాలం లెక్కలోకి రాదా?

సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం ఆస్ట్రేలియా నడిమధ్య నుంచి ఇరోమంగా సముద్రం వెనక్కి తగ్గింది. అడుగున మిగిలిన ఇసుక, బురదల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), ఫెల్డ్‌స్పార్ (సిలికా ఉన్న ఖనిజం), అగ్నిపర్వతాల బూడిద ఉన్నాయి. గాలి తగిలి పైరైట్ గంధకామ్లం అయింది. ఆ ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌ని తిని తెల్లటి కయొలిన్ మట్టిగా మార్చింది, సిలికా నీళ్లలోకి వచ్చింది. కిందికి దిగి, నీరు ఇంకని బంకమట్టి అడ్డం వచ్చిన చోట నిలిచింది. అందుకే లైట్నింగ్ రిడ్జ్‌లో ఇసుకరాయి కింద మట్టి పొరలోనే వెతుకుతారు. ఆమ్లం తగ్గాకే ఆ సిలికా ఓపల్‌గా గట్టిపడిందని సిడ్నీ యూనివర్సిటీ పాట్రిస్ రే 2013లో రాశారు.

రంగు సంగతి 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తేలింది. 150 నుంచి 300 నానోమీటర్ల సిలికా గుండ్లు ఒకే సైజులో, వరసగా పేరితేనే రంగులు. వరస తప్పితే పాచ్, అంటే రంగులాడని ఓపల్.

చార్‌కమాన్_బాషా:
మాస్టారూ, మా షాపుకి వచ్చేవి ఎక్కువగా ఇథియోపియా వెలో ఓపల్స్. 2008లో దొరికిన గని. నీళ్లు పీలుస్తాయి. ఒకామె ఉంగరంతోనే గిన్నెలు తోమి, రాయి గాజులా అయిపోయింది, మోసం చేశావని గోల చేసింది. ఆరాక రంగు తిరిగొచ్చింది, ఆమె మాత్రం మళ్లీ రాలేదు. అవి అగ్నిపర్వతపు రాళ్లు కదా, వేడినీళ్లలో గబగబా పుట్టి ఉండాలి?

జియాలజీ_మాస్టారు:
రాయి అగ్నిపర్వతానిదే భాయ్. వేడి బూడిద అతుక్కుని గట్టిపడిన ఇగ్నింబ్రైట్, సుమారు 3 కోట్ల ఏళ్లది. కానీ ఓపల్‌లో మొక్కల అవశేషాలు దొరికాయి. బూడిద నేలగా మారుతున్నప్పుడు, మామూలు వేడిలోనే పుట్టిందని అక్కడ పనిచేసినవాళ్లు అంటున్నారు.

రాళ్లపిచ్చి:
సరే, సిలికా బయటికి రావడం నిదానమే, ఒప్పుకున్నా. గుండ్లు పేరడానికి కూడా 50 లక్షలంటే మాత్రం ఒప్పుకోను. గవ్వ కరిగిపోతే మిగిలిన ఖాళీ అచ్చులోకి సిలికా దిగి నిండడానికి అంత కాలం ఎందుకు?

జియాలజీ_మాస్టారు:
అచ్చు నిండటం వరకు నీతో వాదించను. ఆ సెంటీమీటరు లెక్క నేనూ క్లాసులో చెప్పను. అయితే లైట్నింగ్ రిడ్జ్ శిలాజాలు కొన్నిటిలో ఎముక లోపలి అల్లిక కూడా మిగిలింది. ఆ అల్లిక చెడకుండా ఉండాలంటే సిలికా మెల్లగా చేరాలి, అలాంటివాటికి నీ హడావిడి నీళ్లు సరిపోవు.

సుధ_అడిలైడ్:
అయ్యో, నాకిప్పుడు వేరే టెన్షన్. అక్కడ బ్లాక్ ఓపల్ అని ఒక లాకెట్ కొన్నాను. వెనక వైపు నల్లగా ఉంది.

చార్‌కమాన్_బాషా:
పక్కనుంచి చూడండక్కా. రంగుకీ నలుపుకీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత ఉంటే డబ్లెట్ అయ్యుండొచ్చు, అంటే పల్చటి ఓపల్ బిళ్లని నల్ల రాయికి అతికించింది. వంకరగా ఉంటే అసలుది కావచ్చు. చుట్టూ బంగారం మూసేసి ఉంటే కొన్నచోటే విప్పించండి. ఈలోగా నీళ్లలో మాత్రం ముంచకండి, జిగురు వదిలేస్తుంది.