మలావీలో విదేశీ సాయంతో చేతిపంపులు: తమ్ముణ్ని పంపొచ్చా?

కొర్లగుంట అక్క, తిరుపతి:
మా తమ్ముడు సివిల్ ఇంజనీరు. ఆఫ్రికాలోని మలావీలో ఉద్యోగం వచ్చింది. యూరప్ నుంచి వచ్చే సాయంతో పల్లెల్లో బోర్లు వేసి చేతిపంపులు బిగించాలట. రెండేళ్లలో మూడొందల పంపులు లెక్క చూపించాలట. అమ్మకు దూరమని టెన్షన్. నా అనుమానం వేరే. మా అమ్మమ్మ ఊళ్లో ఇట్లాగే ఎవరో విదేశీయులు వేయించిన బోరింగు ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే దాని హ్యాండిల్‌కు ఆవును కట్టేసేవాళ్లు. దాతల పేర్లున్న పాలరాతి పలక మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత మెకానిక్, బంగారుపాళ్యం:
అమ్మా, నేను ఇరవై ఆరేళ్లు బోరింగులు రిపేరు చేసినవాణ్ని. విదేశీ సాయం ఉత్తదే అనను. 1967 కరువులో యూనిసెఫ్ డ్రిల్లింగ్ యంత్రాలు తెప్పించబట్టే మన దేశంలో రాతినేలలో బోర్లు పడ్డాయి. కానీ వాటి మీద బిగించిన పోత ఇనుము పంపులు ఒక ఇంటి వాడకానికి చేసినవి. ఊరంతా పొద్దస్తమానం కొడితే ఆగుతాయా? అప్పట్లో లెక్క తీస్తే ముప్పాతిక వంతు పనిచేయడం లేదని తేలింది. ఆ దెబ్బతోనే మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తయారైన పంపును చూసి ఇండియా మార్క్ 2 అనే చేతిపంపు తయారుచేశారు. గట్టి సరుకు.

అయితే దాంట్లోనూ ఒక తంటా ఉంది. అప్పట్లో లోపల సిలిండర్లో అరచేతిలో పట్టే తోలు వాషరు ఉండేది. అది అరిగితే పైపులన్నీ పైకెత్తాలి. నలుగురు మనుషులు, స్టాండు, పెద్ద రెంచీలు, సగం రోజు పని. కొత్త వాషరు రాత్రే నీళ్లలో నానేసుకుని, తెల్లారి ఎక్కిన బస్సులో నా ఒళ్లో గిన్నె పెట్టుకుని పోయేవాణ్ని. కండక్టరు కూర అనుకునేవాడు. వాషరు ఖరీదు ఎంతని? అది చేతికి అందక నెలల తరబడి ఊరికి నీళ్లుండేవి కావు. పంపుకు డబ్బిచ్చినవాళ్లు వాషరుకు ఇవ్వరమ్మా. వాషరుతో ఫోటో ఎవరు దిగుతారు?

మీ తమ్ముడు పోయే చోట ఎక్కువగా ఆఫ్రిదేవ్ పంపులుంటాయి. ఆ మోడల్ పుట్టిందే మలావీలో. పైపులు కదిలించకుండా పిస్టన్ పైకి లాగొచ్చు, ఊరి ఆడవాళ్లే సీలు (మన వాషరు లాంటిదే) మార్చుకోవచ్చు. కాబట్టి జీతం సంగతి తర్వాత. సీలు అమ్మే అంగడి ఆ ఊరికెంత దూరమో ముందు అడగమను.

ల్యాబ్ అన్న, చిత్తూరు:
తాతా, వాషరు గిన్నె భలే! నాదొక మాట. నీళ్లు పరీక్ష చేస్తారా అని కూడా అడగమనండి. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని సాయం డబ్బుతో ఊరూరా గొట్టపు బావులు వేశారు. అప్పుడు నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమోనని ఎవరూ చూడలేదు. అది 1993లో బయటపడింది. తర్వాత పరీక్షలు చేసి మంచి పంపులకు ఆకుపచ్చ రంగు, చెడ్డవాటికి ఎరుపు వేశారు. నీళ్లు తేటగానే ఉంటాయి, అదే చిక్కు.

పలమనేరు కోడలు:
సాయంతో కట్టించిన మరుగుదొడ్లదీ అదే కథ. మా వీధిలో ఒకదాంట్లో ఇప్పుడు చెనక్కాయల మూటలున్నాయి. తలుపు బాగుంది, గొళ్లెం ఉంది, ఎలుకలు రావట!

కొర్లగుంట అక్క, తిరుపతి:
తమ్ముడికి ఫోన్ చేశాను. నీటి పరీక్షకు కిట్టు ఇస్తారట. సీళ్ల అంగడి సంగతి మాత్రం వాళ్లనడిగితే, "అది మా ప్రాజెక్టులో లేదు" అన్నారట. వీడు అయినా పోతానంటున్నాడు.

పాత మెకానిక్, బంగారుపాళ్యం:
పోనీమ్మా. బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనుక్కోమను. నలభై అయిదు మీటర్లు దాటితే ఆఫ్రిదేవ్ పనికిరాదు. ఎక్కే ముందు ఒకసారి మా ఇంటికి రమ్మను, నా రెంచీలు చూపిస్తా.