తెలుగులో రాసుకుని ఇంగ్లిష్‌లోకి మారిస్తే కాపీ కిందికి వస్తుందా?

మా చెల్లి ఈ ఏడాది గుంటూరులో డిగ్రీ ఫస్టియర్‌లో చేరిందండీ. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియమే కదా, దానికి తోడు ఇంగ్లిష్ రైటింగ్ కోర్సు. మొదటి క్లాసులోనే మేడం గారు రూల్స్ కాగితం ఇచ్చారు: గడువు దాటితే మార్కులు కోత, రెండు డ్రాఫ్టులు తప్పనిసరి, ఏఐతో రాయించకూడదు, ఎక్కడి నుంచి తీసుకున్నా మూలం రాయాలి. అన్నీ న్యాయమైనవే.

చిక్కల్లా ఇక్కడే. వ్యాసం మిర్చి యార్డు మీద. ఆ ఘాటులో తుమ్ముకుంటూనే హమాలీలతో మాట్లాడి, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎలా మోస్తారో, కాటా ఎలా వేస్తారో తెలుగులో చక్కగా రాసుకుంది. దాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టి, తర్వాత తనే దిద్దుకుంటే తప్పా? కాపీ మీద యూజీసీ 2018 నిబంధనల్లో, వేరే రచనలతో 10 శాతం దాకా పోలికలుంటే వదిలేస్తారని చదివాను. కానీ ఇక్కడ ఆలోచన, సమాచారం అన్నీ తనవే, భాష మార్చేది మాత్రమే యంత్రం. హమాలీ చెప్పిన మాటకు మూలం ఎలా చూపించాలి?

మేడం గారినే అడగమన్నాను. "తెలుగు మీడియం అని చులకనగా చూస్తారేమో అన్నా" అని టెన్షన్ పడుతోంది. సోమవారం మొదటి డ్రాఫ్ట్ ఇవ్వాలి. ఇంగ్లిష్ లెక్చరర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.