ఆకాశంలో ముక్కలై వెళ్లింది ఉల్కా, ఉపగ్రహమా?

రొయ్యల రైతు, ఉప్పలగుప్తం:
నమస్కారమండి. మొన్న తెల్లవారుజామున ఏరేటర్లు చూద్దామని గట్టు మీదకెళ్తే పడమర నుంచి తూర్పుకి ఓ వెలుగు పోయింది. ఉల్కయితే రెప్పపాటులో ఆరిపోతుంది కదా. ఇది నిమిషం దాకా కనపడింది. మధ్యలో విడిపోయి, ఏడెనిమిది నిప్పుకణికలు ఒకదాని వెనక ఒకటి అదే దారిన సాగాయి. చప్పుడు లేదు. చెరువు కాపలా కుర్రాడు దణ్ణం పెట్టేశాడు. ఇలాంటివి మన చెరువుల్లో పడితే పంట పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఫిజిక్స్ మాస్టారు, అమలాపురం:
ఉపగ్రహమో రాకెట్ భాగమో అయ్యుంటుందండి. ఉల్కలు సెకనుకి 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. కక్ష్యలోంచి జారేవి 8 కిలోమీటర్ల లోపే. అవి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తున విడిపోయి, చాలావరకు కాలిపోతాయి. చెరువు గురించి బెంగ వద్దు.

నా బెంగ వేరే. పని అయిపోయి కక్ష్యలో తిరిగే ఆ చెత్తని దింపేది గాలే. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా పల్చగా గాలి ఉంటుంది, దాని రాపిడికి వేగం తగ్గి కిందికి జారతాయి. సూర్యుడి నుంచి సౌర తుఫాను వస్తే ఆ గాలి వేడెక్కి ఉబ్బుతుంది, రాపిడి పెరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో కొత్తగా పంపిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో దాదాపు 40 అలాగే పోయాయి. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ పెరిగి కింద వేడి, పైన చలి. పై గాలి చల్లబడి కుంచించుకుపోతోంది, దాంతో చెత్త ఎక్కువకాలం తిరుగుతుంది. మన సముద్ర మట్టాన్ని పెంచుతున్న పొగే ఇదీ చేస్తోంది.

చేపల వేటగాడు, అంతర్వేది:
పడవ వాళ్లకి ఒక్క మాట. వలలో అలాంటి ముక్క పడితే చేత్తో ముట్టుకోకండి, లోపల విష ఇంధనం మిగిలుండొచ్చు. పోలీసులకి చెప్పండి. 2023లో ఆస్ట్రేలియా ఒడ్డుకి మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ భాగం కొట్టుకొచ్చింది, దానికి పడవ అడుగున పట్టినట్టే గుల్లలు పట్టేశాయి.

రొయ్యల రైతు, ఉప్పలగుప్తం:
హమ్మయ్య. మరి తుఫాను కబురు చెప్పే ఇన్సాట్ల సంగతేంటి మాస్టారూ? 96 తుఫాను చూసినోళ్లం, అవి లేకపోతే మాకు దిక్కులేదు.

ఫిజిక్స్ మాస్టారు, అమలాపురం:
అవి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయండి, అక్కడ దింపే గాలి లేదు. పని అయిపోయాక మిగిలిన ఇంధనంతో ఇంకా పైకి నెట్టి దారి ఖాళీ చేయాలి. వానల్ని పరిశీలించిన మేఘా ట్రోపిక్స్ ఉపగ్రహం 867 కిలోమీటర్ల ఎత్తున ఉండేది, వదిలేస్తే వందేళ్లకు పైగా తిరిగేది. 2023 మార్చి 7న ఇస్రో దాన్ని కావాలనే పసిఫిక్ మీదకు దింపేసింది. ప్రతి ఉపగ్రహంలోనూ ఆ కాస్త ఇంధనం ముందే పక్కన పెట్టాలని నేను గట్టిగా అంటాను.