ఆసుపత్రి ఫారంలో అడిగిన వ్యక్తిగత ప్రశ్నలన్నిటికీ జవాబు రాయాలా?

ప్రశ్న:
మోకాలి శస్త్రచికిత్సకు ముందు నాకిచ్చిన ఫారంలో మద్యం అలవాటు, మానసిక సమస్యలకు వాడే మందులు, లైంగిక సామర్థ్యం కోసం వేసుకునే మాత్రలు మొదలుకొని నెల జీతం వరకు అన్నీ అడిగారు. మోకాలికీ వీటికీ ఏమిటి సంబంధం? పైగా వెనక నిలబడ్డవారికి కనిపించేలా కౌంటరు దగ్గరే నింపమన్నారు. జవాబులు రాయకపోతే వైద్యం ఆపేస్తారా? రాస్తే ఆ కాగితం ఎవరెవరు చూస్తారు?

జవాబు 1 (మత్తు వైద్యుడు):
మీకు ఇబ్బందిగా తోచిన మొదటి మూడు ప్రశ్నలూ మాకు అవసరమైనవే. రోజూ ఎక్కువగా తాగేవారు ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా మానేయవలసి వస్తే, కొన్ని గంటల్లోనే చేతులు వణకడం మొదలై, రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమ వంటి స్థితికి చేరే ప్రమాదం ఉంది. ముందే తెలిస్తే మందులతో చాలావరకు నివారించగలం. కుంగుబాటుకు వాడే కొన్ని మందులకు, ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చే ట్రమడాల్ తోడైతే శరీరంలో సెరటోనిన్ అనే రసాయనం ప్రభావం ప్రమాదకరంగా హద్దు మీరవచ్చు. లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న మనిషికి గుండెనొప్పి వచ్చిందని రక్తనాళాలను సడలించే నైట్రేట్ మందు ఇస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. జీతం సంగతి మాత్రం మాకెందుకూ పనికిరాదు.

జవాబు 2 (వైద్య రికార్డుల విభాగంలో పనిచేసిన సభ్యురాలు):
డాక్టరుకు కావలసినవీ, బిల్లింగ్ వారికి కావలసినవీ ఒకే కాగితం మీద అచ్చువేయడమే అసలు చిక్కు. చెప్పడం ఇష్టం లేనిచోట ‘లేదు’ అని మాత్రం రాయకండి, ఎందుకంటే కంప్యూటర్లోకి ఎక్కిన ఆ ‘లేదు’ తర్వాత చూసే ప్రతి డాక్టరుకూ నిజమై కూర్చుంటుంది. ఖాళీ వదిలినా అలాగే అర్థం చేసుకునే అవకాశం ఉంది కనుక, ‘డాక్టరుకు నేరుగా చెబుతాను’ అని రాయడం మేలు. సంతకానికి పైనుండే చిన్న అక్షరాల పేరా తప్పక చదవండి. బీమా సంస్థకు సమాచారం ఇవ్వడానికి సమ్మతి తరచుగా అక్కడే ఉంటుంది.

జవాబు 3:
డాక్టరుకు నేరుగా చెప్పినా ఆయన రాసేది ఆ కేసుషీటులోనే కదా! రోగి మరణించిన తర్వాత కూడా రహస్యం కాపాడతానని వైద్యులు చేసే జెనీవా ప్రతిజ్ఞలో ఉన్నమాట నిజమే. అయితే న్యాయస్థానం ఆదేశించినప్పుడు, ప్రభుత్వానికి తెలియజేయవలసిన అంటువ్యాధి సోకినప్పుడు ఆ గోప్యతకు మినహాయింపులుంటాయి. అందువల్ల ‘నా రికార్డును తెరవగలవారు ఎవరు?’ అని ముందే అడగండి. తోడు వచ్చిన బంధువులను బయట కూర్చోబెట్టమని కోరడానికి కూడా మొహమాటపడకండి. చాలామంది నిజం దాచేది డాక్టరు దగ్గర కాదు, పక్కనున్నవారి దగ్గర.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఫారం ఇంట్లో నింపి కవరులో పెట్టి ఇస్తానంటే ఒప్పుకున్నారు. మందుల వివరాలన్నీ రాశాను. జీతం గడిలో అడ్డగీత పెడితే ఎవరూ కారణం అడగలేదు. బీమా సమ్మతి పేరాలో ‘ఈ చికిత్సకు సంబంధించినంత వరకే’ అని చేతితో చేర్చి సంతకం చేశాను, దాన్ని అంగీకరిస్తారో లేదో ఇంకా చెప్పలేదు.