అవెరావు ఫెరాటాకి 11 ఏళ్ల పిల్లని తీసుకెళ్లొచ్చా?

మేము మ్యూనిక్‌లో ఉంటాం. సెప్టెంబరులో ఇటలీ డోలమైట్స్‌కి, కోర్టీనా వైపు వెళ్తున్నాం: నేను, మా ఆవిడ, 11 ఏళ్ల మా అమ్మాయి. కొండల్లో నడక అలవాటే గానీ, ఫెరాటా, అంటే బండకి బిగించిన ఇనుప తాడుకి కొక్కేలు తగిలించుకుంటూ ఎక్కడం, ముగ్గురికీ కొత్త. చింక్వె టోర్రి చైర్‌లిఫ్ట్‌లో వెళ్లి, అవెరావు రిఫ్యూజియో (కొండ మీది బస) దాకా నడిచి, పక్కనే ఉన్న 2,649 మీటర్ల శిఖరానికి వెళ్లే చిన్న ఫెరాటా అయితే కొత్తవాళ్లకి బాగుంటుందన్నారు.

నా అసలు బెంగ పిల్ల బరువు. 34 కిలోలే. ఫెరాటా సెట్ల (నడుముకి కట్టుకుని ఇనుప తాడుకి తగిలించే పట్టీ, కొక్కేలు) మీదేమో 40 నుంచి 120 కిలోలు అని రాసుంటుంది. జారితే కుదుపు తగ్గించడానికి పట్టీలో కుట్లు తెగుతూ పోవాలి. మరీ తేలికైనవాళ్లకి అవి సరిగ్గా తెగవట. అందుకే పిల్లల్ని పైనుంచి విడిగా తాడుతో పట్టుకోవాలంటారు. ఆ పని మాకు రాదు. గైడ్‌ని పెట్టుకోవడం తప్ప దారి లేదా? పిల్లలతో వెళ్లినవాళ్లు ఏం చేశారు?

ఇంకోటి, దిగడం కూడా అదే తాడు మీదేనట. ఎదురుగా జనం ఎక్కుతుంటే ఎవరు ఆగాలి, ఎవరు ఎవర్ని దాటాలి? మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేసరికి ఆ ఇనుము మీద ఉండకూడదని మొదటి లిఫ్ట్‌కే వెళ్దామనుకుంటున్నాం. సెట్లు, హెల్మెట్లు కోర్టీనాలో ముందురోజు సాయంత్రమే అద్దెకిస్తారాండీ? గ్లవ్స్ మాత్రం మా ఆవిడ అప్పుడే కొనేసింది.