దాల్చాలో పప్పు, మాంసం ఒకే గిన్నెలో ఉడకాలా, విడివిడిగానా?

నెల్లూరు_వంటిల్లు:
ఆదివారం మా ఇంట్లో దాల్చా వండబోతున్నాను. అరకిలో ఎముకల మాంసం, పావుకిలో శనగపప్పు, ఒక లేత సొరకాయ తెచ్చుకున్నాను. అన్నీ కుక్కర్‌లో ఒకేసారి వేయవచ్చునా, లేక పప్పు, మాంసం వేరువేరుగా ఉడికించి కలపాలా?

కనిగిరి_వాసి:
విడిగానే ఉడికించండి. మా ప్రాంతంలో చాలాచోట్ల బోరునీరు కఠినజలం, ఫ్లోరైడ్ సంగతి సరేసరి. ఆ నీటిలోని కాల్షియం వల్ల పప్పు త్వరగా మెదగదు, దానికి పులుపు కూడా తోడైతే బద్ద మరీ బిగుసుకుంటుంది. మా చెల్లెలి పెళ్లి మరునాటి విందుకు వంట ఒప్పుకున్న వ్యక్తి అన్నీ ఒకే దేగిసాలో వేసి, చింతపులుసు ముందే పోశాడు. రెండు గంటలు మంట పెట్టినా పప్పు పలుకుగానే ఉంది, మాంసం మాత్రం పీచులు పీచులుగా విడిపోయింది. వియ్యంకుల ముందు మా నాన్నగారు తలెత్తుకోలేకపోయారు.

ఉదయగిరి_అక్క:
తమ్ముడూ, మీరు చెప్పినది చింతపండు చేసిన తప్పు, గిన్నె చేసినది కాదు. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, పసుపు వేసి మాంసాన్ని వేయించి, నీళ్లు పోసి నాలుగు విజిళ్లు రానివ్వాలి. ఆవిరి పోయాక, గంటసేపు నానిన శనగపప్పును అదే కుక్కర్‌లో వేసి మరో మూడు విజిళ్లు ఉంచాలి. మూత తీసి కొయ్యగరిటె వెనకవైపుతో గిన్నె అంచుకు అదిమితే పప్పు సగం మెదిగి, సగం బద్దగా నిలవాలి. అప్పుడు సొరకాయ ముక్కలు వేసి, అవి మెత్తబడ్డాకే పులుసు పోయాలి. ఎముకలోని జిగురు పప్పులోకి దిగేది ఆ రెండో ఉడుకులోనే.

కావలి_పాఠకుడు:
మా ఇంట్లో కందిపప్పు వేస్తారు. త్వరగా ఉడుకుతుంది కాబట్టి ఈ పేచీ రాదు.

కనిగిరి_వాసి:
నీటి సంగతికి మీరు జవాబు చెప్పలేదు. మేము వంటకు కూడా క్యాన్ నీళ్లే కొంటున్నాము. పైగా అంతా ఒకే గిన్నెలో కలిపేస్తే ఎవరికి ఎన్ని ముక్కలు పడ్డాయో తెలియదు. విందుకు పిలిచినవారికి మాంసం విడిగా కనబడాలి. పప్పులో నాలుగు ముక్కలు వేసి మాంసం కూర అనిపించడం లేనివాళ్ల పద్ధతి.

ఉదయగిరి_అక్క:
అసలు మాట ఇప్పుడు బయటికి వచ్చింది. మీ అభ్యంతరం నీటి మీదా కాదు, పులుపు మీదా కాదు. మా నాన్న కొయ్య చెంచాలు చెక్కేవారు. ఇంట్లో పదకొండు మందిమి, వచ్చేది అరకిలో మాంసం. మా అమ్మ లెక్కపెట్టి ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు వేసి, తాను ఎముకల రసం దిగిన పప్పుతోనే అన్నం తినేది. విడిగా వండి ఉంటే ఆమె కంచంలోకి ఉత్త పప్పు వచ్చేది. దానిని లేనివాళ్ల పద్ధతి అని తీసిపారేస్తే నేను ఊరుకోను.

నెల్లూరు_వంటిల్లు:
మాకు వచ్చేవి పెన్నా నీళ్లు. ఈసారి అక్క చెప్పినట్లే, మాంసం ముందు, పప్పు తరువాత వేస్తాను.

కనిగిరి_వాసి:
అక్కా, నేను ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆ రోజు పంక్తిలో ఒకాయన “పప్పులో ముక్కలు వెతుక్కోవలసి వచ్చింది” అని మా నాన్నగారికి వినబడేలా అన్నాడు. పప్పు ఉడకనిదానికన్నా అదే నాకు ఎక్కువగా గుచ్చుకుంది. విందులలో మాంసం విడిగా కనబడాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఇంటి వరకు మీ పద్ధతిలో వండి చూస్తాను. రెండో ఉడుకుకు నీళ్లు ఎంత ఉండాలి?

ఉదయగిరి_అక్క:
మాంసం ఉడికిన రసంతో కలిపి, పప్పు మునిగి పైన రెండు వేళ్ల ఎత్తు ఉండాలి. తక్కువైతే వేడినీళ్లే పోయండి, చన్నీళ్లు పోయవద్దు.