పొడిచిన చెయ్యి ఎవరిదో అందరు చూసినంక, బాకు మార్చినోన్ని దాచాల్నా?

గడియారం చౌరస్తా:
మాది నల్లగొండల చిన్న నాటక సమాజం. ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు క్లర్కు, ఒక ఆర్టీసీ కండక్టరు, కిరాణం నడిపే అన్న. ఇది ఎవరికీ బతుకుదెరువు కాదు. పరిషత్తు పోటీకి ఒక నాటిక రాస్తున్న. ముందు కత చెప్త, తర్వాత అడిగేది అడుగుత.

1987. మా జిల్లాలనే ఒక ఊరు, అందుల మాలాంటి సమాజమే. దసరాకు బొబ్బిలి యుద్ధం ఆడుతున్నరు. ఆఖరు ఘట్టం తెలిసిందే: తాండ్ర పాపారాయుడు గుడారంల దూరి విజయరామరాజును బాకుతోటి పొడుస్తడు. ఆ రాత్రి ఒరల వెండి కాగితం అంటించిన చెక్క బాకు ఉండాలె. అసలు బాకు ఉన్నది. రాజు వేషం కట్టింది సమాజం అధ్యక్షుడు. స్టేజీ మీదనే పోతడు. మార్చింది ప్రాంప్టరు, అంటే తెర పక్కన నిలబడి వేషగాళ్లకు మాటలు అందించేటోడు. ఏండ్ల సంది పాపారాయుడు వేషం ఆయనదే. గొంతు పోయిందని అధ్యక్షుడు ఆ వేషం తీసి ఆ సమాజంలనే ఉన్న ఒక కండక్టరుకు ఇచ్చిండు, ఈయన చేతిల పుస్తకం పెట్టి వింగుల నిలబెట్టిండు.

రెండు రకాలుగ రాసిన. ఒకదాంట్ల ప్రాంప్టరే చేసిండని చివరిదాకా తెల్వది. ఇంకోదాంట్ల తెర లేవంగనే ఆయన బాకు మార్చుడు జనం చూస్తరు, వేషగాళ్లకే తెల్వది. మా సమాజం సగం ఇటు, సగం అటు. మాటా మాటా పెరిగి రిహార్సల్ బందయింది. మీరేమంటరు?

మిర్యాలగూడ మాస్టారు:
దాచాలి. ఇందులో చర్చ ఏముంది? హత్య ఎవరు చేశారో ముందే చెప్పేస్తే ప్రేక్షకుడు కుర్చీలో ఎందుకు కూర్చోవాలి? లండన్‌లో అగాథా క్రిస్టీ ‘మౌస్‌ట్రాప్’ 1952లో మొదలైంది, కరోనా కాలంలో ఆగింది తప్ప ఇప్పటికీ ఆడుతోంది. ఆట అయ్యాక నటుడే ముందుకొచ్చి హంతకుడి పేరు బయట చెప్పవద్దని ప్రేక్షకులను అడుగుతాడు. ఆ గుట్టే దాని ఆస్తి. మీ మొదటి ప్రతే సరైనది. కాకపోతే ప్రాంప్టరు మీద అనుమానం రాకుండా ఇంకో నలుగురికి కారణాలు కల్పించండి. అధ్యక్షుడి దగ్గర చందా లెక్కలు తేలనివాడు, అద్దె బాకీ రావాల్సిన సీన్ల కాంట్రాక్టరు, అలా.

తెర లాగెటోడు:
మాస్టారూ, లండన్ సంగతి లండన్‌ల ఉండనీయండి. సురభి వాళ్లు 1885ల మొదటి ఆట ఆడింది కీచకవధ. కీచకున్ని ఎవరు చంపుతరో తెల్వని మనిషి ఆ పందిట్ల ఒక్కడన్న ఉన్నడా? అయినా తెల్లార్లు కూసున్నరు. భీముడు చీకట్ల చీర కప్పుకొని కూసుంటే, కీచకుడు సింగారించుకొని వస్తుంటే, జనానికి తెలుసు, వానికి తెల్వదు. ఆ సంబురమే వేరు. మనోళ్లకు ‘ఎవడు’ ఎన్నడూ పట్టలే, ‘ఎట్ల’ అన్నదే పట్టింది.

ఇంకోటి, పరిషత్తుల నాటిక అంటే గంట. నలుగురు అనుమానితులకు నాలుగు కారణాలు చెప్పేసరికే అర్ధగంట వాయె. నాటిక కాదు, పోలీసు డైరీ అయితది.

మిర్యాలగూడ మాస్టారు:
కీచకవధ భారతకథ. అందరికీ తెలిసిన పౌరాణికానికీ, కొత్తగా అల్లిన సాంఘికానికీ ఒకే కొలబద్ద పెడితే ఎలా? కొత్త కథలో ప్రేక్షకుడికి తెలియనితనం ఒక్కటే పెట్టుబడి. దాన్ని మొదటి సీనులోనే ఖర్చు పెట్టేయమంటున్నారు.

పాలమూరు పిల్లగాడు:
నాకు ముందు వేరే అనుమానం. నల్లగొండల కూసొని 1757 నాటి బొబ్బిలి ఎందుకన్నా? మన దిక్కు హత్యలకు కరువా? 1947ల ‘మా భూమి’ నాటకం ఏ జిల్లా కథతోటి రాసిన్రు? గది నల్లగొండ జిల్లానే. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య గుండు తగిలి ఒరిగిండు. అప్పుడు అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఎవరి మనుషులు కాల్చిన్రో ఊరు ఊరంతా ఎరుకే. ‘ఎవరు’ అని అడిగిన మనిషి లేడు. అడిగింది ఏంటంటే, ఎరుకై ఉండి ఎవరు నోరు తెరుస్తరు, ఎవరు తెరువరు అని. మన నేల మీద హత్య నాటకం అంటే నాకు గదే.

గందుకే నేను తెర లాగెటోని దిక్కు. జనానికి ముందే చూపియ్యి. సమాజంల ఎవరెవరికి అనుమానం తగిలింది, ఎవరు కండ్లు మూసుకున్నరు, గది నడిపియ్యి.

గడియారం చౌరస్తా:
బొబ్బిలి ఎందుకంటే, తమ్ముడూ, ఆ రోజులల్ల మా దిక్కు సమాజాలు అదే ఆడినయి. పౌరాణికాలు, చారిత్రకాలు. కత మన ఊరి మనుషులది, వాళ్లు ఆడేది బొబ్బిలి. అందుల తప్పేం లేదు. పైగా స్టేజీ మీద, అందరి కండ్ల ముంగట, బాకుతోటి పొడిచే ఘట్టం నాకు కావాలె.

గ్రీన్‌రూం పెట్టె:
నేను వేషాలు, ఆయుధాలు చూసుకునేటోన్ని. మీరంతా ఎవరు ఎవరు అని కొట్లాడుతున్నరు గానీ అసలు చిక్కు చూస్తలేరు. చెక్క బాకు చేతిల పట్టుకుంటే పూల కట్టంత బరువు. ఇనుప బాకు మణికట్టును కిందికి గుంజుతది. నెల రోజులు రిహార్సల్ల అదే పట్టుకున్న చెయ్యికి తేడా తెల్వకుంట ఉండదు. కండక్టరుకు ఒరల నుంచి తీయంగనే తెల్వాలె. తెల్వలేదని రాస్తే సభల ఉన్న ప్రతి పాత నటుడూ నవ్వుతడు.

తెల్వకపోవడానికి దారి కావాలంటే ఇట్ల చేయండి. గుడారం సీనుల కండక్టరు పద్యం పాడుకుంట, ఆఖరు పాదంల ఒక్క గుంజు గుంజి పొడుస్తడు. తీసుడు, పొడుసుడు మధ్యల ఒక్క ఊపిరి. అప్పుడు నమ్మొచ్చు.

మార్చే సమయం కూడా చెప్త. ప్రార్థన పాట. తెర లేవకముందు అందరూ రంగు పూసుకొని స్టేజీ మీద నిలబడి పాడుతరు, హార్మోనిస్టు, తబల ఆయన అక్కడనే. గ్రీన్‌రూంల పెట్టె కాడ ఎవరూ ఉండరు. వేషం లేనోడు ప్రార్థనకు నిలబడకపోయినా ఎవరూ అడగరు. వేషం పోయిన ప్రాంప్టరు ఆ రాత్రి మొదటిసారి ప్రార్థనల లేడు. ఆ ఒక్క ఖాళీ జాగ చాలు, ఎవరూ వేరే ఆధారం వెతకనక్కర్లే.

ఊరూరి వేషం:
ఆడ ఆర్టిస్టుని కాబట్టి ఒక మాట. గడియారం గారూ, మీ కథలో మల్లమ్మదేవి వేషం కట్టిన అమ్మాయి గురించి ఒక్క ముక్క రాయలేదు. కానీ హంతకుడిని చివరిదాకా దాచే ప్రతి ఉందే, అందులో మొదట అనుమానం ఎవరి మీదికి పోతుందో నేను చూడకుండానే చెప్పగలను. బయటి ఊరి నుంచి పారితోషికానికి పిలిపించిన ఆమె మీదికి. అధ్యక్షుడితో ఏదో ఉందట, కండక్టరుతో ఏదో ఉందట. దాచే నాటికలు ఇంతవరకూ నడిచింది ఆ గుసగుస మీదే. నేను అలాంటివి ఆడాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను, ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో మనసు బాగుండేది కాదు.

మేం బస్సు దిగి నేరుగా మేకప్‌కు కూర్చునే రోజులే ఎక్కువ. పెట్టె ఎక్కడుంటుందో, ఒర ఎవరు కడతారో మాకేం తెలుసు? మార్చడం తెలియాలంటే ఆ సమాజంలో ఏళ్లు గడిపి ఉండాలి. కాబట్టి దాచడం వద్దు. మాస్టారు అడిగిన ఆ నలుగురు అనుమానితుల్లో మొదటి పేరు నాదే అవుతుంది.

మిర్యాలగూడ మాస్టారు:
అమ్మా, ఆ మాట నేను కాదనను. కానీ అది రాసేవాడి వంకర బుద్ధి, దాచడంలో ఉన్న దోషం కాదు. ఆమెను అనుమానించకుండానే దాచవచ్చు.

నల్లకోటు:
జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను, నాటకాలు చూస్తాను, ఆడను. ఇలాంటి నాటికల్లో చట్టం చూస్తే నాకు కడుపు మండుతుంది కాబట్టి రాస్తున్నాను.

మీ కథ 1987 కాబట్టి ఐపీసీయే రాయండి. దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. ఎస్సై నోట 103 అనిపించకండి, అప్పటికి హత్యకు శిక్ష 302.

బాకు మార్చినవాడు చంపాలనే ఉద్దేశంతో మార్చాడు. పొడిచింది ఇంకొకడి చెయ్యే అయినా హత్య వీడిదే. ఆ చెయ్యి వీడికి పనిముట్టు మాత్రమే. పొడిచిన కండక్టరుకు 80వ సెక్షన్ రక్ష ఉంది: న్యాయమైన పని చేస్తుండగా, నేరపు ఉద్దేశం లేకుండా, ప్రమాదవశాత్తు జరిగింది. కానీ అందులో ఒక షరతు ఉంది, తగిన జాగ్రత్త తీసుకొని ఉండాలి. పెట్టె ఆయన చెప్పిన బరువు ఇక్కడే పీకకు చుట్టుకుంటుంది. బరువు తేడా తగిలి కూడా ఊపు ఆపలేదంటే కండక్టరు కనీసం 304ఏ దాకా వస్తాడు, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం, అప్పటి చట్టంలో రెండేళ్ల వరకు.

ఇంకోటి. ఎస్సై రెండు తగిలిస్తే ప్రాంప్టరు ఏడుస్తూ ఒప్పుకోవడంతో నాటిక ముగించకండి. అప్పటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసుకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 27 కింద నిలబడేది ఒక్కటే, వాడు చెప్పిన మాటను బట్టి దొరికిన వస్తువు. ఆ వస్తువు మీ కథలో ఉంది, మీరే మరిచారు. అసలు బాకు శవంలో ఉంది. మరి చెక్క బాకు ఎక్కడికి పోయింది?

తెర లాగెటోడు:
సార్, మీరు చెప్పింది చదివినంక నాకు నిద్ర పట్టలే. ఇప్పుడు నేను ఒకటి చెప్త.

బొబ్బిలిల పాపారాయుడు పద్యం ఎత్తుకున్నడంటే మా ఊర్ల వన్స్‌మోర్ పడేది. పడిందంటే మళ్లీ పాడాలె, పాడకపోతే చెప్పులు వస్తయి. వన్స్‌మోర్ కొట్టంగనే చచ్చిన పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ చచ్చుడు మన స్టేజీకి కొత్తనా? మరి ఆ రాత్రి కూడా వన్స్‌మోర్ పడుతది గదా! కండక్టరు మళ్లీ మొదటి పాదం నుంచి ఎత్తుకుంటడు. బాకు గుంజి చేతిల పట్టుకోవాలె. గుంజితే తెలుస్తది, అది చెక్క కాదని. రాజు లేస్తలేడు. జనం కేకలు పెడుతున్నరు. కండక్టరు ఏం చేస్తడు?

గ్రీన్‌రూం పెట్టె:
అబ్బ.

నల్లకోటు:
మొదటి పోటుకు 80 ఉంది. రెండో పోటుకు ఏ సెక్షనూ అడ్డు రాదు. చేతికి నెత్తురు అంటిన తర్వాత, తెలిసి, మళ్లీ పొడిస్తే అది వాడి పోటే. మొదటి పోటుకే ప్రాణం పోయి ఉంటే చచ్చినవాన్ని చంపడం హత్య కాదు, ప్రాణం ఉంటే మాత్రం 302. రెండు గాట్లలో ప్రాణం తీసింది ఏదన్నది పోస్టుమార్టం డాక్టరు చెప్పాలి. నేనైతే ఈ ఒక్క ప్రశ్న మీద సెషన్స్ కోర్టులో ఆర్నెల్లు వాదిస్తాను.

పాలమూరు పిల్లగాడు:
కండక్టరుకు అధ్యక్షుని మీద ఏమన్న కోపం ఉండాలె గదా, రెండోసారి పొడవనీకి. గడియారమన్నా, ఏమన్న రాసినవా?

గడియారం చౌరస్తా:
రాయలే. నా కతల వాడు మంచోడు. కానీ వేషం ఇచ్చేటప్పుడు అధ్యక్షుడు వాని దగ్గర కూడా ఏదో తీసుకొని ఉంటడు. మా దిక్కు సమాజాలల్ల పెద్ద వేషం ఉత్తగ రాదు, చందాలు రాసిచ్చినోనికే వస్తది. గది పెట్టొచ్చు.

మిర్యాలగూడ మాస్టారు:
చూశారా, తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారు. ప్రాంప్టరు సంగతి మొదట్లోనే చూపించండి, ఒప్పుకుంటాను. కానీ రెండో పోటు తెలిసి పొడిచాడా, జనం ఊపులో పొడిచాడా అన్నది ఇప్పుడు చివరిదాకా గుట్టు. హత్య నాటికకు గుట్టు కావాలన్నదే నా మాట. అది ఎవరి దగ్గర ఉందన్నది మారింది, అంతే.

తెర లాగెటోడు:
గుట్టు కాదు మాస్టారూ. మీ గుట్టు ఆఖరున విప్పేది. ఇది విప్పరాదు. కండక్టరుకే తెల్వదు తను ఎందుకు పొడిచిండో. తేలనీయకుంట తెర దించాలె.

మిర్యాలగూడ మాస్టారు:
తేల్చని నాటికకు పరిషత్తులో బహుమతి రాదు. రాసి పెట్టుకోండి.

ఊరూరి వేషం:
బహుమతి సంగతి తర్వాత. మీరందరూ ఒకటి వదిలేశారు. ఆ వన్స్‌మోర్ మొదట అరిచింది ఎవరు? వింగులో పుస్తకం పట్టుకున్నవాడు అరవలేడు, పక్కన అందరికీ కనిపిస్తాడు. కానీ పద్యం అయిపోగానే ముందు వరసలో ఎవరో ఒకరు మొదలుపెడితేనే మిగతా జనం అందుకుంటారు. ఆ గొంతు ప్రాంప్టరు మనిషిదైతే, అధ్యక్షుడు మొదటి పోటుకు పోడేమోనని ముందే అనుకొని పెట్టిన ఏర్పాటు అది. లేదు, పిల్లల్లో ఎవడో సరదాకు అరిచాడంటే కథ వేరు.

గడియారం చౌరస్తా:
అక్కా, ఇది మా రిహార్సల్ గదిల చెప్పిన. మళ్లీ రెండు వర్గాలు పడ్డయి, కానీ ఈసారి పాత వర్గాలు కావు. దాచాలన్నోళ్లు ఇద్దరు ఇటొచ్చిన్రు, చూపాలన్నాయన ఒకడు అటు పోయిండు. బాకు మార్చుడు మొదటి సీనులనే చూపిస్తున్న, అది ఖాయం. చెక్క బాకు హార్మోని పెట్టెల దొరుకుతది, అదీ ఖాయం, హార్మోనిస్టుకు తెలుసా తెల్వదా అన్నది ఇంకా రాయలే. అరిచిన గొంతు మాత్రం తెగుతలేదు. ప్రేక్షకుల మధ్యల మా మనిషి ఒకన్ని కూసోబెట్టి అరిపించాల్నా, లేక నిజంగనే సభ అరిచేదాకా కండక్టరు ఆగాల్నా? సభ అరవకపోతే రెండో పోటు లేనే లేదు, నాటిక వేరే తీరుగ అయిపోవాలె. దానికి కూడా ఒక ముగింపు రాసి పెట్టుకోవాల్నా అని అడుగుతున్న.

గ్రీన్‌రూం పెట్టె:
రాసి పెట్టుకో. పరిషత్తు సభ మన ఊరి సభ కాదు, నోరు తెరువకుంట కూసుంటరు. కూసోబెట్టే మనిషి కావాలంటే నేనొస్త, టికెట్టు మాత్రం మీరే కొనాలె.